రాయకోట కొండ మీద పారేసిన మాటలు

కర్ణాటక, తమిళనాడు సరిహద్దులో జూజువాడి చెక్‌పోస్టు దగ్గర మా ట్రక్కు ఆగేసరికి ఉదయం ఆరు. సన్నటి తుంపర. ముందు లారీల వరస. టార్పాలిన్ కింద మేం కొందరం, మా మధ్య ఆకుపచ్చ రంగు పెట్టెలు. వాటి మీద కాళ్లు పెట్టవద్దని ఆర్డరు. లోపల ఏముందో మాలో సగం మందికి తెలియదు. బయట టీకొట్టువాడు తమిళంలో పిలుస్తున్నాడు. లారీ క్లీనరు ఎవరినో కన్నడంలో తిట్టాడు. ఆ తిట్టుకు తెలుగులో జవాబు వచ్చింది. నా గుండె గంతేసింది. అప్పటికి మంచులో చేశాను, ఎడారిలో చేశాను. మా ఊరి గాలి తగిలే చోటికి డ్యూటీ పడడం అదే మొదటిసారి.

మా సుబేదార్ సాబ్ చిత్తూరు వైపు మనిషి. రేడియో సెట్ల దగ్గరే జుట్టు నెరిసినవాడు. నా ముఖం చూసి కనిపెట్టేశాడు.

"రే మునియప్పా, పండ్లు ఇకిలిస్తా ఉండావే. ఊరు వచ్చిందని సంబరపడొద్దు. లీవు లేదు, గీవు లేదు. కొండెక్కితే పని అయినాంకనే దిగేది."

"కొండ మీద నుంచి మా ఊరు కనిపిస్తే చాలు సాబ్."

"కనిపిస్తాది, చూసుకో. చూసేదానికి పర్మిషన్ అక్కర్లే."

ఇప్పుడు నేను హోసూరులో ఉంటున్నాను. మిలిటరీ అని తెలిసినవాళ్లు అడిగేది ఒకటే. "యాడప్పా యుద్ధం చేసింది?" రాయకోటలో అంటాను. నవ్వుతారు. రాయకోటలో టమోటా మండీ ఉంది గానీ యుద్ధమేమిటని. నవ్వనీ. నా సర్వీసంతటిలో ఒళ్లు అంతగా పొంగిన రోజులు ఇంకెక్కడా లేవు. వినే ఓపిక ఉన్నవాళ్లకు చెబుతాను. లేనివాళ్లు టమోటా ధర చూసుకోవచ్చు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. ఐప్పసి నెల, అంటే మా వైపు వానల కాలం. కెలవరపల్లి డ్యామ్‌కు కాస్త దూరంలో, మెరక మీద, బేస్ టెంట్లు వేశాం. తొమ్మిది గంటలకు కెప్టెన్ మేడమ్ ఆర్డర్లు ఇచ్చారు. ఆమెది బెజవాడ వైపు. మాట మెత్తన, ఆర్డరు గట్టి. బల్ల మీద మ్యాప్ పరిచి నాలుగు చోట్ల నాలుగు రాళ్లు పెట్టారు.

"ఇది బేస్. ఇక్కడినుంచి ఒక రేడియో లింకు రాయకోట కొండకు, ఇంకొకటి శూలగిరి కొండకు. ఆ రెండు కొండల నుంచీ కృష్ణగిరి కొండకు. చూడండి, గుండ్రంగా చుట్టు తిరిగింది. ఒక దారి తెగినా ఇంకో దారి ఉంటుంది. చుట్టు మధ్యలో నది. నది మలుపులో పడవల కంపెనీ దాటడం ప్రాక్టీసు చేస్తుంది. ఒడ్డు మీద వాళ్ల పోస్టు రాయకోటకు మాత్రమే తగులుకుని ఉంటుంది."

రాయకోట నాకు పడింది. నాతో ఒక లైన్‌మన్. కోలారు వాడు. నోరు ఆగదు, చెయ్యీ ఆగదు.

ఆ పెట్టెలు రూటర్లు. అప్పటిదాకా ఒక మాట పదిమందికి చేరాలంటే పదిసార్లు పంపేవాళ్లం. ఈ పెట్టెలతో ఒక్కసారి పంపితే చాలు. దారి చీలిన చోట పెట్టే కాపీ తీసి రెండు వైపులకూ వదులుతుంది. వినాలనుకున్న ప్రతివాడికీ ఒకే క్షణంలో చేరుతుంది. దీన్ని మల్టీకాస్ట్ అంటారని మేడమ్ చెప్పారు. ఇది నిలబడుతుందా లేదా అని పరీక్ష చేయడానికే మేం వచ్చింది. నిలబడకపోతే పెట్టెలు గోడౌనుకు, మేం పాత సెట్ల దగ్గరికి.

కోట మెట్లు వానకు నున్నగా ఉన్నాయి. మాస్టు ముక్కలు, బ్యాటరీలు, చిన్న జనరేటరు, పెట్రోలు డబ్బా, రెండు రోజుల రేషను. లైన్‌మన్ బ్యాటరీ మోస్తూ రెండుసార్లు జారాడు. రెండుసార్లూ బ్యాటరీని పైకెత్తి పట్టుకుని తను కింద పడ్డాడు. కోతులు మా చపాతీల పొట్లం లాక్కుపోయాయి. మధ్యాహ్నం నాలుగుకు మాస్టు లేచింది. దిక్సూచి చూసి ఏరియల్‌ను కెలవరపల్లి వైపు తిప్పాను. పచ్చలైటు వెలిగింది.

"అన్ని స్టేషన్లు, ఇది బేస్. వినబడుతోందా?"

మేడమ్ ఒక్కసారే అన్నారు. నా కొండ మీద వినబడింది. శూలగిరిలో సుబేదార్ సాబ్‌కు వినబడింది. కృష్ణగిరిలో మలయాళీ ఆపరేటరుకూ, ఏటి ఒడ్డున పడవలవాళ్లకూ అదే క్షణంలో వినబడింది. అందరం ఒకేసారి "రోజర్" అన్నాం. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. లైన్‌మన్ హెల్మెట్ మీద తాళం వేసి చిందులు తొక్కాడు.

ఇల్లు అలకగానే పండగ అవుతుందా? ఆ సాయంత్రానికి కృష్ణగిరి, శూలగిరి మధ్య లింకు ఇంకా కట్టలేదు. చుట్టు తెరిచే ఉంది. మర్నాడు ఉదయం అది కట్టారు. చుట్టు మూసుకుంది. మేడమ్ "హలో" అన్నారు.

హలో. హలో. హలో. హలో. ఆగదే! నత్తివాడికి పూనకం వచ్చినట్టు అదే మాట. పెట్టె మీద లైట్లన్నీ ఒక్కటై వెలుగుతున్నాయి. మొదట పడీపడీ నవ్వాం. నేను మాట్లాడబోతే నా మాట పోవడానికి సందు లేదు. కాసేపటికి చుట్టు మొత్తం మూగబోయింది. నవ్వు ఆగిపోయింది. పాత సెట్టు తీశాం. కొండల మీద అత్యవసరానికని తలా ఒకటి ఇచ్చారు. ఒడ్డు పోస్టుకు అది కూడా లేదు, కొత్త పెట్టె ఒక్కటే.

మేడమ్ పాత సెట్టులో చెప్పారు. కోపం లేదు. గొంతులో హుషారు!

"నేనన్నది రాయకోటకు వెళ్లింది. రాయకోట కృష్ణగిరికి ఇచ్చింది, కృష్ణగిరి శూలగిరికి, శూలగిరి మళ్లీ నాకు. నా పెట్టె అది కొత్త మాట అనుకుని మళ్లీ రాయకోటకు ఇచ్చింది. శూలగిరి వైపు వెళ్లిన కాపీదీ ఇదే కథ, ఎదురు చుట్టు. ప్రతి మాటకూ ఆయుష్షు ఉంటుంది. ఒక్కో పెట్టె దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే చస్తుంది. కానీ పాతది చచ్చేలోపు కొత్తవి వచ్చి చేరుతున్నాయి. దారి నిండిపోయింది."

"దీనికి మందు ఏమి మేడమ్?" సుబేదార్ సాబ్ అడిగాడు.

"ప్రతి పెట్టెకూ ఒక కాపలా. బేస్ మాట బేస్ వైపు దారిలోంచి వస్తేనే తీసుకోవాలి. ఇంకో దారిలోంచి వస్తే అది చుట్టు తిరిగి వచ్చిందని లెక్క. పారేయాలి."

 సెట్టులో సాబ్ గొంతు గట్టిగా పలికింది. "పారేసేదా? చేతికొచ్చిన మాటని పారేసేదానికి నేను పిల్లోళ్లకు నేర్పించలే మేడమ్. వినింది దాటించు. అదే మా మతం."

ఆయన బాధ నాకు తెలుసు. సెట్టు చెడిపోతే మెసేజి కాగితం నోట కరుచుకుని వాగు ఈదిన మనిషి ఆయన. మా అందరికీ మొదటి రోజు నేర్పింది అదే. మాట నీ దగ్గర ఆగిపోకూడదు. అలాంటిది, నిజమైన మాటను, దారి సరిగ్గా లేదని పారేయమంటే ఒప్పుకోవడం కష్టమే.

లైన్‌మన్‌కూ ఎక్కలేదు. "అదేమప్పా? మాట మాటే గదా. యా దావలో వస్తే ఏమి?"

అప్పుడు నాకు మా నాన్న గుర్తుకొచ్చాడు. మాది గొర్రెల కాపరుల ఇల్లు. ఈ కొండల చుట్టే మేపేవాళ్లం. తోడేలు కనబడితే చూసినవాడు కూత పెడతాడు. అవతలి గట్టు మీద ఉన్నవాడు అందుకుని ముందుకు దాటిస్తాడు. అక్కడే ఒక కట్టుబాటు ఉంది. తోడేలు ఉన్న వైపు నుంచి వచ్చిన కూతకే గొంతు ఇవ్వాలి. ఇంకో వైపు నుంచి వస్తే నోరు మూసుకోవాలి. నా చిన్నప్పుడు వెనకనుంచి వచ్చిన కూతకు గొంతు కలిపి మా నాన్న చేత వీపు మీద ఒకటి తిన్నాను.

"ఎందుకు కొట్టినాడు?" లైన్‌మన్ అడిగాడు.

"అందరూ అన్ని దిక్కులకీ అరిస్తే కూత కొండ చుట్టూ తిరగతానే ఉంటాది. తోడేలు యాడుందో ఎవురికీ తెలీదు. అది నింపాదిగా గొర్రెని ఈడ్చుకుపోతాది."

లైన్‌మన్ తొడ చరుచుకున్నాడు. "అంటే ఈ పెట్టెకి తోడేలు ఎటుందో చెప్పాల!"

అదే. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

మామూలుగా ఆ దిక్కును పెట్టెలే లెక్క కట్టుకుంటాయి. కానీ వానకు రేడియో లింకులు తడబడినప్పుడల్లా అవి మళ్లీ మళ్లీ లెక్కలేసుకుంటూ కూర్చునేవి. మేడమ్‌కు విసుగొచ్చింది. ప్రతి కొండకూ జీపులో వచ్చి, చేత్తో దిక్కు కట్టేశారు. రాయకోటకు బేస్ లింకు. శూలగిరికీ బేస్ లింకే. కృష్ణగిరికి శూలగిరి లింకు. నా పక్కన కూర్చుని ఒక్క లైను టైపు చేశారు. నేను ప్రతి అక్షరం చూశాను.

"కొండలు లేచి నడిచిపోవు కదా మునియప్పా! ఒకసారి కట్టేస్తే చాలు. నా ఆర్డరు లేకుండా దీన్ని ముట్టుకోవద్దు."

"ముట్టను మేడమ్."

చుట్టు మళ్లీ మూశారు. "హలో" అన్నారు. ఒక్క హలో! అంతే. తెరమీద ఒక అంకె మాత్రం పెరిగింది. కృష్ణగిరి వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చిన హలోను నా పెట్టె పారేసిన లెక్క అది. లైన్‌మన్ దానికి చెత్తబుట్ట అని పేరు పెట్టాడు. ఆ తర్వాత నాలుగు రోజులు పండగే. మ్యాపులు పంపాం, ఫొటోలు పంపాం, పడవల లెక్కలు పంపాం. అన్నీ అందరికీ, అన్నీ ఒక్కసారే. సుబేదార్ సాబ్ మాత్రం పొద్దున్నే అడిగేవాడు, "ఏమిరా, ఈ పొద్దు ఎన్ని మాటల్ని చంపినావు?" అని.

ఒకరోజు మధ్యాహ్నం మెట్ల మీద కంబళి ముసుగు కనబడింది. మా మేనమామ భార్య. మామ పోయాక మంద మొత్తం ఆమే చూసుకుంటోంది. సంకటి ముద్దలు, చెనిక్కాయల చట్నీ ముంతలో తెచ్చింది. కొండ మీద ఎవరో మునియప్ప ఉన్నాడని కింద టీకొట్లో విన్నదట.

"ఏం అల్లుడా, ఈడనే ఉండి ఇంటికి రాలేదే? మిలిటరీవోళ్లకి కాళ్లు ఉండవా?"

"ఆర్డరు లేదత్తా."

"ఆర్డరు! మీ నాయన గుడా నాకు ఆర్డర్లు ఏసేవాడు. నేను విననే లేదు." మాస్టును కిందినుంచి పైదాకా చూసింది. "దీంతో ఏం చేస్తావు?"

"ఆడెవరో మాట్లాడింది ఈడ వింటానత్తా. విని ఇంకొకరికి చెప్తాను."

"దీనికా ఇంత దూరం సదివి పోయింది? ఆ పని మా ఊరి ఆడోళ్లు జీతం లేకుండా చేస్తారు."

లైన్‌మన్ సంకటి గొంతుకు అడ్డం పడేలా నవ్వాడు. నేను మంద ఎక్కడుందని అడిగాను. చేలన్నీ రాగి పైరుతో ఉన్నాయి, గొర్రె మూతి పెట్టడానికి చోటు లేదు. అందుకని ఏటి మధ్య ఇసుక తిన్నె మీదికి తోలిందట. అక్కడ పచ్చిక బాగుందట. రాత్రీ పగలూ అక్కడే. తోడుగా ఇంకో రెండిళ్లవాళ్లు.

"వానలు పడతా ఉండాయత్తా. డ్యామ్ నిండితే?"

"నిండితే చెప్తారు గదప్పా. ఊర్లలో దండోరా ఏస్తారు."

ఊర్లలో వేస్తారు. తిన్నె ఏ ఊళ్లోనూ లేదు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. ఆ తిన్నె పడవల కంపెనీ ఉన్న మలుపులోనే ఉందని నేను మ్యాపులో చూసుకున్నాను. ఒడ్డు పోస్టు హవల్దారుకు చెప్పాను, మా అత్త అక్కడ ఉంది, ఒక కన్నేసి ఉంచమని. ఆయన సరే అన్నాడు. నిన్న మా వంటవాడికి పాలు కూడా ఇచ్చింది అన్నాడు.

ఆరో రోజు పొద్దుట నుంచే ఆకాశం నల్లగా ఉంది. పైన కర్ణాటక వైపు కుండపోత అని బేస్ నుంచి వార్త. పదకొండుకు గాలి మొదలైంది. మాస్టు తాళ్లు బిగించాం. రెండింటికి మెరుపులు. పాత సెట్టులో చెవులు పగిలే గరగర. రెండు దాటిన కాసేపటికి నా పెట్టె మీద బేస్ వైపు పచ్చలైటు ఆరిపోయింది.

లైన్‌మన్ మాస్టు దగ్గరికి పరిగెత్తాడు. "మనది నిలబడే ఉండాది! ఆ పక్కదే ఊగతా ఉండాల!"

బేస్ దగ్గర మా వైపు చూసే మాస్టు గాలికి తిరిగిందన్నమాట. నేను కంగారు పడలేదు. ఒక దారి తెగితే ఇంకో దారి ఉంది. బేస్ మాట శూలగిరి మీదుగా, కృష్ణగిరి మీదుగా నాకు వస్తుంది. ఎదురుచూశాను. స్పీకరులో చప్పుడు లేదు.

తెర చూశాను. చెత్తబుట్ట అంకె పెరుగుతోంది. పది. ముప్పై. వంద. ఇంకా ఇంకా.

 బేస్ ఏదో చెబుతోంది. ఆపకుండా చెబుతోంది. అది కృష్ణగిరి వైపు నుంచి నాదాకా వస్తోంది. నా పెట్టె దాన్ని తీసుకుని పారేస్తోంది. ఎందుకంటే తోడేలు బేస్ లింకు వైపే ఉందని మేం దానికి చేత్తో కట్టేశాం. కొండ నడిచిపోలేదు, దారి మారింది. నా పెట్టె పారేస్తే ఒడ్డు పోస్టుకూ లేదు. వాళ్లకు నేను తప్ప దిక్కు లేదు.

పాత సెట్టు పట్టుకుని అరిచాను. "బేస్, బేస్, ఇది రాయకోట. ఏం మెసేజి? ఓవర్."

గరగర. అందులోంచి సుబేదార్ సాబ్ గొంతు, తునకలు తునకలుగా. "రాయకోటకి... అందలే... కాపలా తీసెయ్యండి... అందరూ... అన్నీ దాటించండి..."

అందరూ కాపలా తీసేస్తే మాట నాకు అందుతుంది. నిజమే. ఇప్పుడు చుట్టు తెగి ఉంది, తిరగడానికి లేదు. కానీ గాలికి ఊగుతున్న ఆ మాస్టు మళ్లీ నా వైపు తిరిగితే? చుట్టు మూసుకుంటుంది. అప్పుడు హలో హలో హలో. అంతా మూగ.

"సాబ్, తీయొద్దు! ఎవురూ తీయొద్దు! నాది ఒక్కటే తిప్పతాను!"

విన్నాడో లేదో. లైన్‌మన్ నా భుజం పట్టుకున్నాడు. "సాబ్ ఆర్డరప్పా అది. మేడమ్ ముట్టుకోవద్దనింది. ఇద్దురి మాటా కాదని ఏం చేస్తావు?"

"తోడేలు పక్క మారిందప్పా. కూత వినే పక్క మార్చాల. నోరు తెరిచి పెడితే కాదు."

మేడమ్ టైపు చేసిన లైను నా కళ్లముందే ఉంది. తడిచేతులు. ఒక తప్పు అక్షరం, చెరిపాను. బేస్ లింకు అని ఉన్నచోట కృష్ణగిరి లింకు అని కొట్టాను. ఎంటర్.

స్పీకరు బద్దలైనట్టు మేడమ్ గొంతు. "...డ్యామ్ షట్టర్లు ఎత్తుతున్నారు. ఏట్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఇప్పుడే ఒడ్డెక్కాలి. మళ్లీ చెబుతున్నాను..."

నేను విన్న క్షణంలోనే ఒడ్డు పోస్టూ వింది! వాళ్లది తిరిగి వచ్చింది, "రోజర్! ఎక్కుతున్నాం!" నేను గాలిలోకి పిడికిలి విసిరాను. సరిగ్గా అప్పుడు, నా పెట్టె మీద బేస్ వైపు పచ్చలైటు వెలిగింది. ఆరింది. వెలిగింది. ఊగుతున్న మాస్టు నావైపు తిరిగింది. చుట్టు మూసుకుంది.

 హలో హలో వస్తుందా? రాలేదు. కృష్ణగిరివాడు కాపలా తీయలేదు. సుబేదార్ సాబ్ కూడా తీయలేదు. నా మాట విన్నాడు, ఆ గరగరలో! నేరుగా వచ్చిన కాపీ నా చెత్తబుట్టలో పడింది. చుట్టు తిరిగి కృష్ణగిరి మీదుగా వచ్చింది స్పీకరులో పలికింది. ఒకే ఒక్కసారి, ముత్యంలా.

"ఒడ్డు పోస్టు, జాగ్రత్తగా వినండి. ఎడమ ఒడ్డుకు పోవద్దు. అక్కడ వాగు పొంగి రోడ్డు తెగింది. కుడి ఒడ్డు. కుడి ఒడ్డుకు మాత్రమే."

ఆ రెండో మాట అందకపోయి ఉంటే పడవలు ఎడమకే పోయేవి. వాళ్ల ట్రక్కులు ఉన్నది అటే.

"రోజర్. కుడి ఒడ్డు," అన్నాడు హవల్దారు.

"సివిలియన్లు? తిన్నె మీద గొర్రెలవాళ్లు?" నేను అడిగాను.

జవాబు లేదు. పోస్టు పెట్టె సర్దుకుని కదిలిపోయింది. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే వాన తెర తప్ప ఏమీ లేదు. గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. నాకు ఏడుపు వచ్చింది. లైన్‌మన్ టీ కాచి ఇచ్చాడు. అది చల్లారిపోయింది. వాడు మాట్లాడకుండా ఉండడం నేను చూసింది ఆ రెండు గంటలే.

నాలుగున్నరకు ఒడ్డు పోస్టు లైటు వెలిగింది. మాట కాదు. ఫొటో వస్తోంది. మలుపు దగ్గరి నుంచి అందరికీ. లింకు బలహీనంగా ఉంది. పైనుంచి కిందికి గీత గీతగా తెరుచుకుంటోంది. మొదట బూడిదరంగు ఆకాశం. తర్వాత అవతలి గట్టు. తర్వాత ఒక జవాను హెల్మెట్. దాని పక్కన, త్రికోణంగా మడిచిన నల్ల కంబళి కొస.

ఆ మడత నాకు తెలుసు. "అత్తా!" అని కొండ అదిరేలా అరిచాను.

ముసుగు కింద నుదురు. కళ్లు. ముక్కు. తెరిచిన నోరు. అక్కడితో బొమ్మ ఆగిపోయింది. పోస్టు బ్యాటరీ అయిపోయింది. కిందంతా నలుపు. అయితే ఏమి? మనిషి ఉంది! నాలుగు చోట్లా నాలుగు తెరల మీద మా అత్త నోరు తెరుచుకుని ఉంది. గరగర తగ్గిన పాత సెట్టులో సుబేదార్ సాబ్ అన్నాడు, "రే, ఎవురురా ఆయమ్మ? మా హవల్దారుని తిడతా ఉండాదే!"

"మా అత్త సాబ్!"

"అట్లనా. అయితే న్యాయమే."

పడవలవాళ్లు రెండు ట్రిప్పులు వేశారట. మొదటిది మనుషులకూ గొర్రెపిల్లలకూ. రెండోది మందకు. నీళ్లు తిన్నెను ముంచేలోపు కుడి గట్టు మీద అందరూ ఉన్నారు. మేడమ్ మర్నాడు నా కొండకు వచ్చారు. ఆర్డరు మీరినందుకు ఏమంటారో అని అటెన్షన్‌లో నిలబడ్డాను. ఆమె నేను టైపు చేసిన లైను చదివారు. మళ్లీ చదివారు.

"కొండలు నడవవన్నాను కదూ," అన్నారు. తర్వాత కట్టిన ముళ్లన్నీ విప్పేసి, దిక్కు లెక్కలు మళ్లీ పెట్టెలకే అప్పగించారు. అవి ఎంత సేపు ఆలోచించుకున్నా సరేనన్నారు.

పని ముగిసింది. మాస్టు దించాం. తిరుగు ప్రయాణంలో ట్రక్కు రాయకోట మండీ దగ్గర ఆగింది. టమోటా బుట్టల పక్కన కంబళి వేసుకుని అత్త నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో. సుబేదార్ సాబ్ వాచీ చూసుకుని, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. నేను దూకాను. ఆమె నా చేతులు, భుజాలు తడిమి చూసింది, వాన నన్ను ఎక్కడైనా అరగదీసిందేమోనన్నట్టు.

"ఆ పొద్దు ఫొటోలో ఎవురిమీద అట్ల అరస్తా ఉండావత్తా?"

"ఇంకెవురిమీద? ఆ పడవోళ్ల మీదనే. నీళ్లు వస్తా ఉండాయి, గట్టెక్కండి అని మాకు చెప్పిరి గదా. సరేప్పా, ఎక్కినాము. కొండ మీద మా మునియప్ప ఉండాడు, వానికి గుడా చెప్పండప్పా, వానికి ఎవురు చెప్తారు అని అరిస్తి. ఒకడన్నా ఇనలేదు."

 ట్రక్కు హారన్ కొట్టింది. ఎక్కి టార్పాలిన్ కింద కూర్చున్నాను, పెట్టెల మధ్య, అందరికీ వీపు పెట్టి.

అత్త పోయి చాలా కాలమైంది. ఆ పెట్టెలు కూడా పాతబడి పోయి ఉంటాయి. ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ తెరే. పైన బూడిదరంగు ఆకాశం, కంబళి కొస, వానలో తడిసిన ముఖం, కింద సగం నలుపు. ఆమె నోరు తెరిచే ఉంది. నన్ను గట్టెక్కమని చెబుతోంది.